మా వాడు సరదాకే అన్నాడు, అది అంత పెద్ద తప్పా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 14 ఏళ్లు. వాడి క్లాసులో ఒక మెక్సికన్ అబ్బాయి ఈ ఏడాది బాగా ఫ్రెండయ్యాడు. ఈమధ్య వాళ్ల నాన్న కొత్త పికప్ ట్రక్ కొన్నారట. ఆ పిల్లాడు ఫొటో తీసి గ్రూప్ చాట్‌లో పెడితే, మా వాడు కింద ‘కార్టెల్ డబ్బులా?’ (డ్రగ్స్ ముఠా డబ్బులా అని) రాశాడు. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు. ఆ పిల్లాడు మాత్రం అప్పటి నుంచి మా వాడితో మాట్లాడటం మానేశాడు. స్కూల్ కౌన్సెలర్ ఫోన్ చేసి మమ్మల్ని రమ్మన్నారు. ‘నార్కోస్ సిరీస్ అందరూ చూస్తారు, అందరూ ఇదే జోక్ వేస్తారు, నన్నే ఎందుకు పిలిచారు’ అని మా వాడు ఏడుస్తున్నాడు. మావారు ‘ఇక్కడ ప్రతిదానికీ రేసిజం అంటారులే’ అని కొట్టిపారేస్తున్నారు. ఇంకో సంగతి. ఆ పిల్లాడి అక్కకు 15 ఏళ్లు నిండుతున్నాయని క్విన్సెన్యేరా ఫంక్షన్‌కి ఈ గొడవకు ముందే మమ్మల్ని పిలిచారు. నిజం చెప్పాలంటే, వెళ్లాలంటే నాకు భయంగా ఉంది. వార్తల్లో చూసేవన్నీ గుర్తొస్తాయి. వడగళ్ల వానకు మా ఇంటి రూఫ్ పాడైతే మార్చడానికి వచ్చిన కుర్రాళ్లను చూసి కూడా తలుపులు వేసుకుని లోపలే కూర్చున్నాను. నాది తప్పేనా? పిల్లాడికి ఏం చెప్పాలి?
– ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, ముందు వెంటనే చేయాల్సిన పని చెబుతాను. మీ అబ్బాయి ఆ పిల్లాడికి ఎదురుగా నిలబడి క్షమాపణ చెప్పాలి. ‘నువ్వు ఫీలయ్యుంటే సారీ’ అనే రకం మాటలు వద్దు. అవి తప్పును తెలివిగా అవతలివాడి మీదకు నెట్టేస్తాయి. ‘మీ నాన్న కష్టపడి కొనుక్కున్న బండిని నేను దొంగసొమ్ము అన్నాను. అలా అనకూడదు. గ్రూపులో కూడా రాస్తాను’ అంటే చాలు. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి. ఆ పిల్లాడు వెంటనే కరగకపోవచ్చు. కొన్నాళ్లు ముఖం తిప్పుకునే తిరగొచ్చు. వెంటపడి బతిమాలొద్దని మీ వాడికి చెప్పండి.

ఇక అది అంత పెద్ద తప్పా అంటారా? మీ అబ్బాయి చెడ్డవాడని నేననను. ఆ జోకు వాడి బుర్రలో పుట్టలేదు. రెడీగా దొరికింది, వాడేశాడు. వాడు ఒక్కసారి అన్నాడు కానీ ఆ పిల్లాడు అదే మాట ఇప్పటికి ఎన్నిసార్లు విని ఉంటాడో ఆలోచించండి. పైగా ఆ మాట తగిలింది వాళ్ల నాన్నకు. కొత్త బండి కొన్నప్పుడు ఏ పిల్లాడికైనా నాన్నను చూస్తే గర్వంగా ఉంటుంది. ఆ గర్వంతోనే ఫొటో పెట్టాడు. సరిగ్గా అక్కడే దెబ్బ పడింది.

మీ వారిని ఒక్క మాట అడగండి. రేపు మీ వాడు మీ కొత్త కారు ఫొటో పెడితే, కింద ఎవరో ‘కాల్ సెంటర్ స్కామ్ డబ్బులా?’ అని రాస్తే, అందరూ నవ్వితే, ఆయన అప్పుడు కూడా ‘ప్రతిదానికీ రేసిజం అంటారులే’ అంటారా? ఇండియన్ పేరు చూడగానే స్కామ్ కాల్ అనే జోకు ఇవాళ అమెరికాలో ఎంత తేలిగ్గా వేస్తున్నారో ఆయనకూ తెలుసు.

మీ వాడికి దొరికిన ఆ రెడీమేడ్ జోకు ఎక్కడ తయారైందో చెబుతాను. కొంచెం పెద్ద కథే, కానీ మీకూ మీ అబ్బాయికీ ఉపయోగపడుతుంది. హాలీవుడ్‌లో ఈ పని నార్కోస్‌కు వందేళ్ల ముందే మొదలైంది. మూకీల రోజుల్లో, 1911లో ‘టోనీ ద గ్రీజర్’, 1914లో ‘బ్రాంకో బిల్లీ అండ్ ద గ్రీజర్’ లాంటి సినిమాలు వచ్చాయి. గ్రీజర్ అంటే మెక్సికన్లను తిట్టే మాట. ఆ తిట్టునే సినిమా పేరుగా పోస్టర్ మీద వేసి అమ్మారు. మురికి బట్టలు, మెలి తిరిగిన మీసం, చేతిలో కత్తి, తెల్ల అమ్మాయి మీద కన్ను. ఇంతే మెక్సికన్ అంటే. చూసి చూసి మెక్సికో ప్రభుత్వం 1922లో గట్టిగా నిలబడింది. మా జనాన్ని కించపరిచే కంపెనీల సినిమాలను మా దేశంలో ఆడనివ్వం అంది. డబ్బు పోతుందంటే హాలీవుడ్ కాస్త దారికొచ్చింది. కానీ పూర్తిగా మారలేదు. విలన్‌ను అలాగే ఉంచి, అతని దేశానికి లేని పేరు ఒకటి కల్పించి పెట్టడం మొదలుపెట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అమెరికాకు దక్షిణాది దేశాల స్నేహం అవసరమైంది. 1940లో ప్రభుత్వం నెల్సన్ రాక్‌ఫెల్లర్ చేతుల్లో ఒక ప్రత్యేక కార్యాలయం పెట్టి, సినిమా వాళ్లతో కూడా మాట్లాడింది. అంతే, తెర మీద లాటిన్ అమెరికా ఒక్కసారిగా పాటలు, డాన్సులు, పండుగలతో నిండిపోయింది. డిస్నీ ‘సలూదోస్ అమీగోస్’ తీసింది. తల మీద పళ్ల బుట్టంత టోపీతో కార్మెన్ మిరాండా ఆడి పాడింది. ఈ ముచ్చట ఎందుకు చెబుతున్నానంటే, ఆ బొమ్మలు తెలియక గీసినవి కావని ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. అవసరమైనప్పుడు బందిపోటును మాయం చేయగలిగారు. యుద్ధం అయిపోయాక మళ్లీ తెచ్చుకున్నారు. ఆ పండుగ బొమ్మలో కూడా మనిషి లేడు. ఆడేవాళ్లు, పాడేవాళ్లు, చిటపటలాడే ఆడవాళ్లు మాత్రమే ఉన్నారు. మెక్సికన్ నటి లూపే వెలెజ్ అరిచే, వస్తువులు విసిరే పెళ్లాం పాత్రలో సిరీస్‌గా సినిమాలు చేయాల్సి వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత ‘మోడర్న్ ఫ్యామిలీ’లో సోఫియా వెర్గారా చేసిన గ్లోరియా పాత్ర చూడండి. ఆమె అద్భుతంగా నటించింది, నాకు ఆ సిరీస్ ఇష్టమే. అయినా ఆ అందం, ఆ అరుపు, ఆ యాసను చూసి నవ్వించడం అదే పాత పెట్టెలోంచి తీసినవి.

ఇంకో దారుణం ఏమిటంటే, ఆ పాత్రలైనా వాళ్లకు దక్కలేదు. 1961లో వచ్చిన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ న్యూయార్క్‌లో ఉండే, ప్యూర్టో రికో దీవి నుంచి వచ్చిన ప్యూర్టో రికన్ల కథ. హీరోయిన్ మరియాగా వేసింది రష్యన్ మూలాలున్న నటాలీ వుడ్. ఆమె అన్నగా వేసింది గ్రీకు కుటుంబం నుంచి వచ్చిన జార్జ్ చకిరిస్. అసలైన ప్యూర్టో రికన్ రీటా మొరేనోకు కూడా మిగతావాళ్లతో పాటు అదే ముదురు గోధుమ రంగు పూశారు. మా వాళ్లలో అన్ని రంగులవాళ్లూ ఉంటారని ఆమె మేకప్‌మ్యాన్‌తో వాదించినా లాభం లేకపోయింది. ఆ పాత్రకే ఆమెకు ఆస్కార్ వచ్చింది. ఆస్కార్ వచ్చిన నటికి మంచి పాత్రలు వరస కట్టాలి కదా? మళ్లీ మళ్లీ గ్యాంగుల పక్కన నిలబడే అవే చిన్నాచితకా వేషాలు రావడంతో ఏళ్ల తరబడి సినిమాలకు దూరంగా ఉన్నానని ఆమె చెప్పుకున్నారు.

లూపే ఒంటివెరోస్ సంగతి మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. ఆవిడ మీ టెక్సాస్ మనిషే, ఎల్ పాసోలో పుట్టింది. యూనివర్సిటీలో చదువుకుని, నటి కాకముందు సోషల్ వర్కర్‌గా ఉద్యోగం చేసింది. ఇంగ్లిష్ చక్కగా మాట్లాడేది. అలాంటి మనిషి తన జీవితంలో 150 సార్లకు పైగా పనిమనిషి వేషం వేశానని లెక్క చెప్పింది. ఆడిషన్‌కు వెళ్తే యాస కావాలనేవాళ్లు. ఆమెకు లేని యాసను ఆమె నోటితోనే పలికించేవాళ్లు. ఆవిడ పనిమనుషులను చిన్నచూపు చూడలేదు. లాస్ ఏంజెలెస్‌లో ఇళ్లలో పనిచేసే లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) ఆడవాళ్ల మీద 2005లో వచ్చిన డాక్యుమెంటరీకి తనే గొంతు ఇచ్చింది. ఇంట్లో పనిచేసే మనిషి పాత్ర ఉండటంలో తప్పేం లేదు. ఆ మనిషికి సాయంత్రం వెళ్లే ఇల్లు ఉంటుంది, చదివించుకునే పిల్లలుంటారు, బస్సులో కూర్చుని వేసుకునే లెక్కలుంటాయి. సినిమా అవేవీ చూపించదు. ట్రే పట్టుకుని వస్తుంది, ఒక మాట అంటుంది, వెళ్లిపోతుంది.

2007 నుంచి 2019 దాకా బాగా ఆడిన 1,300 సినిమాలను యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా వాళ్లు పరిశీలిస్తే, మాట్లాడే పాత్రల్లో లాటినోలు 5 శాతమే ఉన్నారు. 2020 జనాభా లెక్కల్లో వాళ్లు 6 కోట్ల 21 లక్షల మంది, అంటే దేశంలో 18.7 శాతం. హాలీవుడ్ ఉన్న లాస్ ఏంజెలెస్ కౌంటీలో దాదాపు సగం మంది వాళ్లే. స్టూడియో గేటు దాటగానే కనిపించే జనం తెర మీద కనిపించరు. కనిపించే ఆ నలుగురిలో ఒకడు డ్రగ్స్ అమ్ముతుంటాడు, ఒకామె గిన్నెలు కడుగుతుంటుంది. తెల్ల విలన్ ఉన్న సినిమాలో తెల్ల డాక్టరు, తెల్ల టీచరు, తెల్ల పోలీసు కూడా ఉంటారు కాబట్టి తెల్లవాళ్లంతా ఇంతే అని ఎవరూ అనుకోరు. ఇక్కడ పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంకొకరు లేరు. మీ అబ్బాయి తప్పు కూడా అక్కడి నుంచే వచ్చింది. వాడి దగ్గర ఉన్న బొమ్మ ఒక్కటే.

ఇప్పుడు నార్కోస్. దాన్ని బ్యాన్ చేయమని నేను చెప్పను. చేసినా ఫ్రెండ్ ఫోన్‌లో చూస్తాడు. అది గట్టిగా తీసిన సిరీస్. కొలంబియా డ్రగ్స్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ నిజంగా ఉన్నాడు, నిజంగా చంపించాడు. కానీ ఒకసారి మీ అబ్బాయి పక్కన కూర్చుని చూడండి. ఈ కథ ఎవరు చెబుతున్నారు అని అడగండి. ఒక అమెరికన్ డీఈఏ (డ్రగ్స్ నిరోధక శాఖ) ఏజెంట్ గొంతు మనకు కొలంబియాను వివరిస్తుంది. ఎస్కోబార్‌కు ఎదురు నిలబడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు మాత్రం కొలంబియన్లే. 1984లో న్యాయశాఖ మంత్రి రోద్రిగో లారా బోనియాను చంపారు. 1986లో ‘ఎల్ ఎస్పెక్తదోర్’ పత్రిక ఎడిటర్ గియెర్మో కానోను ఆఫీసు బయటే కాల్చేశారు. 1989లో ప్రెసిడెంట్ పదవికి పోటీలో ఉన్న లూయిస్ కార్లోస్ గలాన్‌ను సభలోనే చంపారు. జడ్జీలు, పోలీసులు, మామూలు జనం ఇంకెందరో. ‘కొలంబియన్’ అనగానే ఆ ఎడిటర్ మనకెందుకు గుర్తుకు రాడు? ఎస్కోబార్ ముఖమే టీషర్ట్ మీదకు ఎందుకెక్కింది? ఈ రెండు ప్రశ్నలు చాలు, 14 ఏళ్ల పిల్లాడు ఆలోచనలో పడతాడు.

ఇంకో చిన్న ఆట కూడా ఆడించండి, పిల్లలకు ఇది సరదాగా ఉంటుంది. సినిమాలో కథ అమెరికా బార్డర్ దాటి మెక్సికోలోకి వెళ్లగానే రంగు చూడమనండి. ఆకాశం, గోడలు, ముఖాలు అన్నీ పసుపు పచ్చగా, జ్వరం వచ్చినట్టు మారిపోతాయి. 2000లో వచ్చిన ‘ట్రాఫిక్’ సినిమాలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ‘బ్రేకింగ్ బ్యాడ్’లోనూ అంతే. బార్డర్‌కు అటూ ఇటూ ఎండ ఒకటే కదా, కెమెరాకు మాత్రం ఎందుకు వేరుగా కనబడుతోంది? ఆ పసుపు మన దాకా కూడా వచ్చింది. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ఎక్స్‌ట్రాక్షన్’లో ఢాకా నగరం మొత్తానికి అదే రంగు పూశారు. అందులో కొంత భాగం అహ్మదాబాద్‌లో తీసింది. బంగ్లాదేశ్ వాళ్లు మా ఊరు ఇలా ఉండదని మొత్తుకున్నారు. ఈ ఒక్క సంగతి తెలిశాక మీ వాడు మళ్లీ అంత అమాయకంగా ఏ సినిమానూ చూడలేడు.

మీ భయం సంగతికి వస్తాను. మీరు దాచకుండా రాసినందుకు నాకు గౌరవంగా ఉంది. ఆ భయానికి వార్తలు కారణమని మీరే అన్నారు, అది నిజం. లాటినో జర్నలిస్టుల సంఘం 2002లో ప్రధాన టీవీ నెట్‌వర్క్‌ల వార్తలను లెక్కపెట్టించింది. దాదాపు 16,000 వార్తల్లో లాటినోల గురించి వచ్చినవి 120. వాటిలో మూడింట రెండు వంతులు నేరాలు, టెర్రరిజం, పేపర్లు లేని వలసల మీదే. మిగతా జీవితమంతా, అంటే చదువులు, వ్యాపారాలు, ఎన్నికలు, పెళ్లిళ్లు అన్నీ ఆ మిగిలిన కొద్దిపాటి వార్తల్లో సర్దుకోవాలి.

వార్తలు పట్టించుకోకపోవడం ఒక బాధ అయితే, తప్పుడు వార్త ఇంకో బాధ. 2005లో సీఎన్ఎన్‌లో లౌ డాబ్స్ ప్రోగ్రామ్ ఒక మాట చెప్పింది. అమెరికాలో మూడేళ్లలో 7,000 కుష్ఠు కేసులు వచ్చాయని, దానికి వలస వచ్చినవాళ్లను కారణంగా చూపించింది. నిజానికి ఆ 7,000 సుమారు 30 ఏళ్ల మొత్తం లెక్క. తప్పని ఎత్తిచూపినా 2007లో కూడా ఆయన దాన్ని సమర్థించుకున్నాడు. రోజూ రాత్రి భోజనాల వేళ ఇలాంటివి వింటే ఎవరికైనా భయం పడుతుంది. 2015లో ట్రంప్ ప్రెసిడెంట్ పదవికి పోటీ మొదలుపెట్టిన ఉపన్యాసంలోనే, మెక్సికో నుంచి వచ్చేవాళ్లు డ్రగ్స్, నేరాలు తెస్తున్నారని, వాళ్లలో రేపిస్టులున్నారని అన్నాడు. ఆ మాటలు రోజుల తరబడి టీవీల్లో తిరిగాయి.

మీ రాష్ట్రంలో లెక్క ఏమంటోందో వినండి. టెక్సాస్ పోలీసులు అరెస్టయినవాళ్ల ఇమిగ్రేషన్ వివరాలు కూడా నమోదు చేస్తారు. 2012 నుంచి 2018 వరకు ఆ రికార్డులను పరిశీలించి 2020లో వేసిన ఒక అధ్యయనంలో, పేపర్లు లేని వలసవాళ్లు పెద్ద నేరాల్లో అరెస్టయ్యే రేటు అమెరికాలోనే పుట్టినవాళ్లకన్నా తక్కువగా తేలింది. పేపర్లు లేనివాళ్ల సంగతే ఇలా ఉంటే, మీ పక్క వీధిలో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని స్కూలుకు పంపుకుంటున్న కుటుంబాన్ని చూసి భయపడాల్సింది ఏముంది?

భయం అటువైపు కూడా ఉంటుంది, అది మనకు కనిపించదు. 2019 ఆగస్టు 3న ఎల్ పాసో వాల్‌మార్ట్‌లో ఒకడు తుపాకీ పట్టుకుని 23 మందిని పొట్టనపెట్టుకున్నాడు. ‘టెక్సాస్ మీద హిస్పానిక్‌ల దండయాత్ర’ అని ముందే ఇంటర్నెట్‌లో రాసిపెట్టాడు. వాడు ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసా? మీకు కూతవేటు దూరంలోని ఆలెన్ నుంచి. గంటల తరబడి కారు నడిపి వెళ్లాడు. దండయాత్ర అనే మాట వాడు కొత్తగా కనిపెట్టలేదు, టీవీ చర్చల్లో, ఎన్నికల ప్రకటనల్లో అప్పటికే నానిపోయింది. మీ వాడి జోకుకూ ఆ తుపాకీకీ నేను ముడిపెట్టడం లేదు. ఆ పిల్లాడి ఇంట్లో మాత్రం ఆ రోజు గుర్తుండే ఉంటుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు వాళ్ల అమ్మకు ఏమనిపిస్తుందో ఒక్కసారి ఊహించండి.

మనకూ ఆ అనుభవం కొత్తేం కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతేలో ఒక బార్‌లో మన తెలుగు ఇంజినీర్‌ను కాల్చి చంపినవాడు తాను ఇరానియన్లను కాల్చానని చెప్పుకున్నాడు. చామనఛాయ ముఖం, ఒక యాస. అవి ఏ దేశానివో అడిగే ఓపిక కూడా వాడికి లేకపోయింది. సినిమాల్లోనూ ఈ కలగాపులగం ఉంది. ‘సింప్సన్స్’ కార్టూన్‌లో కిరాణా కొట్టు నడిపే ఇండియన్ అపూ గొంతు హ్యాంక్ అజారియాది. మన తెలుగు మూలాలున్న కమెడియన్ హరి కొండబోలు 2017లో దాని మీద డాక్యుమెంటరీ తీసి, ఆ గొంతు వెక్కిరింతల మధ్య మన పిల్లలు ఎలా పెరిగారో గట్టిగా అడిగాడు. 2020లో అజారియా అపూకు గొంతు ఇవ్వడం మానేశాడు. ఇదే అజారియా అదే కార్టూన్‌లో తేనెటీగ డ్రెస్ వేసుకుని స్పానిష్‌లో అరిచే కమెడియన్‌కూ గొంతు ఇచ్చాడు. 1996లో ‘ద బర్డ్‌కేజ్’లో గ్వాటెమాలా నుంచి వచ్చిన పనివాడిగానూ వేశాడు. మనల్నీ వాళ్లనీ ఒకే మనిషి, ఒకే గొంతుతో వేళాకోళం చేశాడు. మీ అబ్బాయీ వాడి ఫ్రెండూ కలిసి కోపం తెచ్చుకోవాల్సిన విషయం ఇది.

మీ వారికి ఇంకో మాట కూడా చెప్పాలి. లాటినోలు ప్రతిదానికీ గొడవ చేస్తారన్నది నిజం కాదు. 1967లో ఒక చిప్స్ కంపెనీ ‘ఫ్రీటో బాండీటో’ అని, పిస్టల్ పెట్టి జనం చిప్స్ లాక్కునే మెక్సికన్ బందిపోటు కార్టూన్‌తో ప్రకటనలు వేసింది. మెక్సికన్ అమెరికన్లు పోరాడి 1971 నాటికి దాన్ని ఆపించారు. అదే ‘స్పీడీ గోన్సాలెస్’ ఎలుకను 1999లో కార్టూన్ నెట్‌వర్క్ పక్కన పెడితే, మాకు ఇష్టమైనవాడు, తిరిగి తెండి అని లాటినోల సంఘమే అడిగింది. 2002లో తెచ్చారు. టోపీ, యాస రెండింటికీ ఉన్నాయి. ఒకడు దొంగ, రెండోవాడు తెలివితో పిల్లిని ఓడించి తన వాళ్లకు తిండి తెచ్చిపెట్టేవాడు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ కోప్పడాలో వాళ్లకు మనకన్నా బాగా తెలుసు.

‘మెక్సికన్ అబ్బాయి’ అని రాశారు. వాడు డాలస్‌లోనే పుట్టి ఉండొచ్చు. వాళ్ల తాత ముత్తాతలు టెక్సాస్ అమెరికాలో కలవకముందు నుంచీ అక్కడే ఉండి ఉండొచ్చు. 1836 దాకా అదంతా మెక్సికోయే. లేదా వాళ్లది ఎల్ సాల్వడార్ కావొచ్చు. స్పానిష్ పాటలతో టెక్సాస్‌ను ఊపేసిన గాయని సెలీనా ఇంగ్లిష్ మాట్లాడుతూ పెరిగింది, స్పానిష్ తర్వాత నేర్చుకుంది. అడగకపోతే ఇవేవీ తెలియవు. 2020 లెక్కల ప్రకారం టెక్సాస్‌లో వందలో 39 మంది వాళ్లే. సినిమాలు చూసి తెలుసుకోవాల్సిన ఖర్మ మీకు లేదు.

అందుకే క్విన్సెన్యేరాకు వెళ్లండి అంటున్నాను. అయితే ముందు మీరే వాళ్ల అమ్మగారికి ఫోన్ చేసి, ‘మా వాడు తప్పుగా మాట్లాడాడు, మాకు బాధగా ఉంది’ అనండి. ఆవిడకు ఇంగ్లిష్ అంతగా రాకపోతే మెసేజ్ స్పానిష్‌లోకి మార్చి పంపండి. పిలుపు అలాగే ఉందంటే సంతోషంగా వెళ్లండి. మన ఓణీల ఫంక్షన్ ఎలాగో అదీ అంతే. అమ్మాయి పెద్దదైందని బంధువులందరినీ పిలిచి, హాలు బుక్ చేసి, తాహతుకు మించి ఖర్చు పెట్టి చేసే వేడుక. ముందు చర్చిలో పూజ ఉంటుంది, తర్వాత హాల్లో డిన్నర్. అమ్మాయికి నాన్న చేత్తో మామూలు చెప్పులు తీసి హీల్స్ తొడగడం, తండ్రీ కూతుళ్లు వాల్ట్జ్ డాన్స్ చేయడం చూసి తీరాలి. ఖర్చులో కొంత, కేకు ఒకరు, డ్రెస్ ఒకరు అన్నట్టు పద్రీనోలు (వేడుకకు పెద్దలుగా నిలబడే బంధుమిత్రులు) పంచుకుంటారు. కవర్‌లో డబ్బులు పెట్టి ఇస్తే చాలు, ఏం తప్పనుకోరు. మీరు శాకాహారులైతే ఒక్క జాగ్రత్త. బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో చికెన్ స్టాక్ వాడటం మామూలే, కాబట్టి మొహమాటపడకుండా ముందే అడగండి. ఇంట్లో శాకాహారం అంటే ఏమిటో చెప్పుకునే ఆ రెండు నిమిషాల మాటలతోనే స్నేహం మొదలవుతుంది.

రూఫ్ వేసిన కుర్రాళ్ల గురించి మీరు కుమిలిపోవాల్సిన పని లేదు. మీ ప్రాంతంలో వడగళ్లు మళ్లీ పడతాయి. టెక్సాస్ ఎండలో, కాలుతున్న షింగిల్స్ (పైకప్పు పలకలు) మీద తెల్లవారుజాము నుంచి పనిచేసేవాళ్లు అప్పుడూ వస్తారు. మీ అబ్బాయిని తోడు తీసుకుని బయటికి వెళ్లి, ఐస్‌లో పెట్టిన నీళ్ల బాటిళ్లు ఇచ్చి పేర్లు అడగండి.

చూపించాల్సిన సినిమాల్లో మొదటిది ‘స్టాండ్ అండ్ డెలివర్’, 1988 నాటిది. మన ఇళ్లలో ఏపీ క్యాలిక్యులస్ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి లెక్కల పరీక్ష) అంటే ఎంత టెన్షనో మీకు చెప్పక్కర్లేదు కదా. తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్‌లో బొలీవియా నుంచి వచ్చిన మ్యాథ్స్ టీచర్ హైమే ఎస్కలాంతే పేద లాటినో పిల్లలకు అదే నేర్పాడు. 1982లో 18 మంది రాస్తే 18 మందీ పాసయ్యారు. పరీక్ష పెట్టినవాళ్లు 14 మంది జవాబులు అనుమానంగా ఉన్నాయన్నారు. వాళ్లలో 12 మంది మళ్లీ కూర్చుని రాసి మళ్లీ పాసయ్యారు. వేరే స్కూల్లో, వేరే ఇంటిపేర్లున్న పిల్లలకు ఇంత మంచి మార్కులు వస్తే అనుమానించేవాళ్లా అని ఆ రోజు చాలామంది అడిగారు. ఎస్కలాంతేగా ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ నటన ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. తర్వాత ‘ఎ మిలియన్ మైల్స్ అవే’ చూపించండి. పొలాల్లో కూలి చేసిన కుటుంబంలో పుట్టిన హొసే హెర్నాండెజ్‌ను నాసా 11 సార్లు కాదంది. ఆయన 2009లో అంతరిక్షంలోకి వెళ్లాడు. ‘కోకో’ మీ వాడు చూసే ఉంటాడు. ఆ సినిమా కోసం డిస్నీ 2013లో మెక్సికన్ల పండుగ పేరునే ట్రేడ్‌మార్క్ చేయించుకోబోయి తిట్లు తిన్నదని, గట్టిగా ఎగతాళి చేస్తూ కార్టూన్ వేసిన లాలో అల్కరాజ్‌నే తర్వాత సలహాదారుగా పెట్టుకుందని చెప్పండి. ఆ సినిమా అంత బాగా రావడంలో ఆ తిట్ల వాటా కూడా ఉంది.

కౌన్సెలర్ దగ్గరకు మీరిద్దరూ వెళ్లండి. ‘పిల్లలంతా అంటారు కదా’ అని వాదన మొదలుపెట్టొద్దని మీ వారికి ముందే చెప్పండి. అక్కడ మీ అబ్బాయినే మాట్లాడనివ్వండి. ఏం రాశాడో, అప్పుడు ఏమనుకున్నాడో, ఇప్పుడు ఏం చేయబోతున్నాడో వాడి మాటల్లోనే చెప్పనివ్వండి. తడబడితే మీరు అందుకోవద్దు, ఆగండి. క్షమాపణ అప్పటికే చెప్పి ఉంటే ఇంకా మంచిది. ‘ఆ జోకు మళ్లీ గ్రూపులో ఇంకొకరు వేస్తే ఏం చేస్తావు’ అని కౌన్సెలర్ అడిగే అవకాశం ఉంది. దానికి జవాబు ఇంట్లోనే ముగ్గురూ కూర్చుని ఆలోచించుకుని వెళ్లండి.